డేటా రాకపోతే ఎరుపు ఎందుకు? పవర్ బీఐ, ఎక్సెల్ రంగుల ఫార్ములాల్లో ఖాళీ గడుల తిప్పలు

నేను చేసిన మొదటి పవర్ బీఐ రిపోర్ట్ స్టోర్ల అమ్మకాల మీద. టార్గెట్‌లో 50 శాతం లోపు ఉంటే ఎరుపు, 80 లోపు ఉంటే పసుపు, ఆపైన ఆకుపచ్చ. సోమవారం మీటింగ్‌లో ఒక స్టోర్ గడి ఎర్రగా కనిపించింది. వెంటనే ఆ మేనేజర్‌కి ఫోన్ వెళ్లింది, గట్టిగానే క్లాస్ పడింది. తీరా చూస్తే అమ్మకాలు బానే ఉన్నాయి, ఆ స్టోర్ ఫైలే మాకు చేరలేదు. గడిలో అంకె లేదు, రంగు ఒక్కటే ఉంది. అందరూ రంగునే చూశారు. తప్పు ఆయనది కాదు, నేను రాసిన ఫార్ములాది.

కారణం చిన్నదే. పవర్ బీఐలో వాడే డాక్స్ భాష, ఖాళీ విలువను అంకెతో పోల్చాల్సి వస్తే దాన్ని 0 అనుకుంటుంది. 0 అంటే 50 కంటే తక్కువే కదా, ఎరుపు వేసేస్తుంది. కాబట్టి ఖాళీనా కాదా అన్నది ముందే అడగాలి (టైప్ చేసేది ఇంగ్లిష్ అక్షరాల్లోనే లెండి):

స్విచ్(ట్రూ(), ఈజ్‌బ్లాంక్([శాతం]), "గ్రే", [శాతం] < 0.5, "రెడ్", [శాతం] < 0.8, "ఎల్లో", "గ్రీన్")

స్విచ్ పైనుంచి చూసుకుంటూ వచ్చి, మొదట నిజమైన షరతు దగ్గరే ఆగిపోతుంది. ఈజ్‌బ్లాంక్‌ని చివర్లో పెడితే దాని వంతే రాదు. ఈ మెజర్‌ని బ్యాక్‌గ్రౌండ్ కలర్‌లో ‘ఫీల్డ్ వాల్యూ’ కింద ఇస్తే సరిపోతుంది.

నిజంగా ఒక్కటీ అమ్మని స్టోర్‌కి వేరే రంగు కావాలంటే ఇంకో మెలిక ఉంది. ఒక్క ఈక్వల్ గుర్తుతో 0కి పోలిస్తే ఖాళీ కూడా నిజమే అంటుంది. రెండు ఈక్వల్ గుర్తులు పెడితేనే అసలైన 0 మాత్రమే దొరుకుతుంది. కొందరు మెజర్ చివర +0 తగిలిస్తారు. నాకైతే అది అస్సలు నచ్చదు. తెలియని సంగతిని సున్నా అని చెప్పేస్తున్నాం, పైగా టేబుల్‌లో అవసరం లేని వరసలన్నీ ప్రత్యక్షమవుతాయి.

ఫార్ములా గొడవ వద్దనుకుంటే గ్రేడియంట్ ఆప్షన్‌లో ఖాళీ విలువలకు ఏం చేయాలో విడిగా అడుగుతుంది: సున్నాగా తీసుకోవాలా, రంగు వదిలేయాలా, ప్రత్యేక రంగు వేయాలా అని.

ఎక్సెల్‌లో కథ అడ్డం తిరుగుతుంది. నిజంగా ఖాళీగా ఉన్న గడి అక్కడా 0 లెక్కే, అంటే ఎరుపే. కానీ ఏదైనా ఫార్ములా ఖాళీ కొటేషన్లు ఇచ్చిన గడి, చూడ్డానికి ఖాళీయే అయినా, ఎక్సెల్‌కి అది టెక్స్ట్. టెక్స్ట్ ఏ అంకె కన్నా పెద్దదే. అందుకే డేటా లేని గడి ఏకంగా ఆకుపచ్చ అయిపోతుంది! ఎరుపైతే ఎవరో ఒకరు ఫోన్ చేసి అడుగుతారు, ఆకుపచ్చని ఎవరు అడుగుతారు? ఈజ్‌బ్లాంక్ కూడా దీన్ని ఖాళీ కాదనే అంటుంది. అక్కడ నేను వాడేది ఈజ్‌నంబర్:

=యాండ్(ఈజ్‌నంబర్(బీ2), బీ2<0.5)

ఆకుపచ్చ, పసుపు రూల్స్‌కి కూడా ఇదే కాపలా పెట్టాలి. అంకె కానిదేదీ ఈ రంగుల్లోకి రాదు, దానికి గ్రే రూల్ ఒకటి విడిగా రాసుకోండి.