ఓడకూ ముకుతాడు

విశాఖ బీచ్‌లో నిలబడితే దూరాన లంగరేసుకుని కనిపించే ఓడలున్నాయే, ఎంత పెద్దవైనా పోర్టులోకి వాటంతట అవి రాలేవు. పోర్టు పైలట్ చిన్న లాంచీలో ఎదురెళ్లి, ఓడ పక్కన వేలాడే తాళ్ల నిచ్చెన పట్టుకుని పైకెక్కాలి. ఆయన ఎక్కాక సగం తెలుపు, సగం ఎరుపు జెండా ఎగరేస్తారు. ఇక ఇంజను జోరు, చుక్కాని తిప్పుడు అంతా ఆయన చెప్పినట్టే. ఇంతా చేసి, ఓడ దేనికైనా తగిలితే జవాబు చెప్పుకోవాల్సింది మాత్రం కెప్టెనే! పెత్తనం ఒకరిది, పూచీ మరొకరిది. మన ఆఫీసుల్లో కొత్తేం కాదు లెండి. పనామా కాలువలో అయితే ఓడ నడకపై పూర్తి అధికారం పైలట్‌దే.

విశాఖ లోపలి హార్బర్ 1933లో మొదలైంది. అందులోకి దారి డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కగా సాగే ఇరుకు కాలువ. అక్కడ ఓడ నెమ్మదించక తప్పదు. నెమ్మదిస్తే చుక్కాని మాట వినదు, నీళ్లు జోరుగా ఒరుసుకుంటూ పోతేనే దానికి పట్టు. అందుకే టగ్గులు. ఓడ పక్కన బొమ్మల్లా కనిపించే ఇవే ముందు లాగుతూ, పక్కనుంచి నెడుతూ బెర్తుకు చేరుస్తాయి. టగ్గు సత్తాను కొలిచేది దాని సైజుతో కాదు, కట్టిన తాడును ఎన్ని టన్నుల బలంతో లాగగలదన్న లెక్కతో.

సముద్రంలో లాగించుకుంటూ పోయే ఓడకు రాత్రిపూట స్తంభం మీది తెల్లదీపం పెట్టుకునే హక్కు లేదు. పక్కదీపాలు, వెనక దీపంతో సరిపెట్టుకోవాలి. లాగే ఓడకు మాత్రం ఆ తెల్లదీపాలు నిలువుగా రెండు. వెనకున్న ఓడ చివరిదాకా దూరం 200 మీటర్లు దాటితే మూడు!

1969లో నౌకాదళంలో చేరిన కురుసుర జలాంతర్గామి 2001లో విరమించింది. నీటి అడుగున తిరిగిన ఆ ఇనుప చేప ఆర్కే బీచ్ ఒడ్డెక్కింది కూడా లాగితేనే. 2002 నుంచి అక్కడే మ్యూజియం.

గాలి చెప్పుచేతల్లో పడితే ఇంకో కథ. 2020 అక్టోబరు వాయుగుండంలో బంగ్లాదేశ్ సరుకు ఓడ ‘మా’ లంగరు నిలవక, తెన్నేటి పార్కు దగ్గర రాళ్ల మీదికి కొట్టుకొచ్చింది. చూడ్డానికి జనం ఎగబడ్డారు. దాన్ని రెస్టారెంటుగా మార్చాలని పర్యాటక శాఖ ముచ్చటపడింది కూడా.