రెండో రాత్రి ఆట

అమెరికాలోని ఎన్‌బీఏలో ఒక్కో బాస్కెట్‌బాల్ జట్టు అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా 82 మ్యాచ్‌లు ఆడుతుంది. దాదాపు రోజు విడిచి రోజు ఆట. కొన్నిసార్లు ఆ ఒక్కరోజు విరామం కూడా ఉండదు, వరుసగా రెండు రాత్రులు ఆడాలి. దీన్నే 'బ్యాక్ టు బ్యాక్' అంటారు. రెండో రాత్రి జట్లు ఎక్కువగా ఓడతాయి.

అయితే ఆ ఓటములన్నీ అలసట ఖాతాలో వేయకూడదు. రెండో మ్యాచ్ తరచూ పరాయి ఊళ్లో ఉంటుంది, అక్కడ గెలవడం ఎలాగూ కష్టమే. ఒకరోజు విశ్రాంతి దొరికి పరాయి ఊళ్లోనే ఆడిన జట్లతో పోల్చి చూస్తే తేడా తగ్గుతుంది గానీ పూర్తిగా పోదు.

ఆ మిగిలిన తేడా ఎక్కడిది? మ్యాచ్ రాత్రి పదింటికి ముగిసి, విమానం దిగి హోటల్ చేరేసరికి తెల్లవారుజాము అవుతుంది. ఆట వేడి చల్లారక నిద్ర త్వరగా పట్టదు. కండరాల్లో ఖర్చయిన గ్లైకోజెన్ అనే శక్తి నిల్వ మళ్లీ నిండడానికి సుమారు ఒకరోజు కావాలి. షాట్‌కు బలమిచ్చేది కాళ్లు. అవి అలసిపోతే బంతి రింగు దాకా వెళ్లీ వెళ్లక ముందు అంచుకే తగులుతుంది. డిఫెన్స్‌లో అరక్షణం ఆలస్యమైతే ఎదుటివాడు దాటిపోతాడు. సముద్రమట్టానికి 5,280 అడుగుల ఎత్తున్న డెన్వర్‌లో రెండో రాత్రి ఆడాల్సి వస్తే మరీ ప్రాణసంకటం.

నిద్ర విలువ తెలియాలంటే స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం 2011లో ప్రచురించిన అధ్యయనం చూడాలి. 11 మంది ఆటగాళ్లను కొన్ని వారాలపాటు రాత్రికి పది గంటలు పడకమీద ఉండమన్నారు. వాళ్ల ఫ్రీ త్రోల కచ్చితత్వం 9 శాతం పెరిగింది. చిన్న బృందమే అయినా, కొత్త శిక్షణేమీ లేకుండా వచ్చిన ఫలితమది.

2012 నవంబరులో శాన్ ఆంటోనియో స్పర్స్ కోచ్ గ్రెగ్ పోపొవిచ్, ఐదు రాత్రుల్లో నాలుగోదైన మయామీ మ్యాచ్‌కు ముందు తన ప్రధాన ఆటగాళ్లు డంకన్, పార్కర్, గినోబిలి, గ్రీన్‌లను విశ్రాంతి కోసం ఇంటికి పంపేశాడు. లీగ్ ఇందుకు జట్టుకు 2,50,000 డాలర్ల జరిమానా వేసింది. టికెట్ కొన్నవాళ్ల బాధ న్యాయమైనదే. కానీ తప్పు కోచ్‌ది కాదు, ఆ షెడ్యూల్‌దేనని నా నమ్మకం. 2017-18లో లీగ్ సీజన్‌ను ముందుకు జరిపి, ఐదు రాత్రుల్లో నాలుగు మ్యాచ్‌ల పద్ధతినే తీసేసింది. బ్యాక్ టు బ్యాక్‌లు తగ్గాయి, పూర్తిగా పోలేదు.

తెల్లవారుజామున లేచి ఈ మ్యాచ్‌లు చూసే మనవాళ్లు స్కోరుతోపాటు ఇంకో సంగతీ చూడాలి: నిన్న రాత్రి ఎవరు ఆడారు, ఏ ఊరి నుంచి వచ్చారు, ఎదుటి జట్టుకు ఎన్ని రోజులు ఖాళీ దొరికింది.