కుమ్మరి సారె, క్లచ్ ప్లేటు

ఇంజన్ తిరగడం మనం అనుకున్నంత నున్నగా ఉండదర్రా. నాలుగు సిలిండర్ల పెట్రోలు ఇంజన్ తీసుకోండి. క్రాంక్ షాఫ్ట్ ఒక చుట్టు తిరిగేలోగా రెండు సార్లు మంట అంటుకుంటుంది. మంట అంటుకోగానే పిస్టన్ మీద తోపు గట్టిగా ఉంటుంది, కిందికి దిగేకొద్దీ చచ్చుబడుతుంది. అదే సమయంలో మరో సిలిండర్లో పిస్టన్ గాలిని నొక్కడానికి బలం తినేస్తూ ఉంటుంది. బండి నిలబడి ఉండగా ఇంజన్ నిమిషానికి 850 చుట్లు తిరుగుతోందనుకుంటే సెకనుకు 28 తోపులు పడతాయి. తోపుకీ తోపుకీ మధ్య వేగం పడిపోకుండా ఇంజన్‌ను నడిపించేది దాని వెనక బిగించిన బరువైన చక్రం, ఫ్లైవీల్.

మన కుమ్మరి సారె కూడా ఇదే పని చేస్తుంది. కర్ర పెట్టి గిరగిరా తిప్పి, ఆ కర్ర పక్కన పడేసి, రెండు చేతులూ మట్టి మీద పెడతాడు కుమ్మరి. తోపు ఆగినా సారె తిరుగుతూనే ఉంటుంది. పాతకాలపు సారెలకు అంచు చుట్టూ బరువు ఎక్కువగా ఉండేది, కారణం లేకుండా కాదు. ఇరుసు నుంచి దూరం రెండింతలైతే అక్కడున్న ప్రతి గ్రామూ నాలుగింతల పని చేస్తుంది. ఫ్లైవీల్ మొత్తం ఎన్ని కిలోలన్నది ఒక సంగతి, ఆ బరువు ఎక్కడ ఉందన్నది అంతకంటే ముఖ్యమైన సంగతి. మధ్యలో కిలో తీసేస్తే పెద్దగా ఏమీ మారదు. అంచున కిలో తీస్తే ఇంజన్ స్వభావమే మారిపోతుంది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, అమెరికాలో ఉద్యోగం చేస్తున్న మా మనవరాలు పాత మజ్దా మియాటా ఒకటి కొనుక్కుంది. మన ఊళ్లలో కనబడే కారు కాదది. 1989 ఫిబ్రవరిలో షికాగో మోటారు ప్రదర్శనలో మొదటిసారి చూపించారు. జపాన్‌లో యూనోస్ రోడ్‌స్టర్ అనీ, మిగతా చాలా దేశాల్లో ఎంఎక్స్-5 అనీ అమ్మారు. ఇద్దరే కూర్చోవచ్చు, పైకప్పు మడిచేయొచ్చు, బరువు టన్నుకు కాస్త తక్కువ. ముందున్న 1.6 లీటర్ల ఇంజన్ వెనక చక్రాలను తిప్పుతుంది. తర్వాత వచ్చిన మోడళ్లతో కలిపి 2016లో 10 లక్షల కార్లు దాటాయి. ఆ పిల్ల కారుకు క్లచ్ జారుతోంది. అంటే, ఫ్లైవీల్‌కూ ప్రెషర్ ప్లేటుకూ మధ్య నొక్కుకుని ఇంజన్ తోపును గేర్ బాక్స్‌కు అందించాల్సిన క్లచ్ ప్లేటు పట్టు తప్పుతోంది. "స్టేజ్ త్రీ సెట్ వేయించుకోనా తాతయ్యా? రేసుల్లో వాళ్లు అదే వాడతారట" అని అడిగింది. తనకు చెప్పిన కబుర్లే మీకూ చెబుతాను.

ముందు క్లచ్ నిజంగా జారుతోందో లేదో చూడాలి. ఖాళీ రోడ్డు మీద నాలుగో గేరులో నెమ్మదిగా వెళుతూ యాక్సిలరేటర్ గట్టిగా తొక్కాలి. ఇంజన్ చుట్లు గబుక్కున పెరిగి, కారు వేగం మాత్రం అక్కడే ఉంటే జారుతున్నట్టే. గేరు వేసేటప్పుడు కరకరమంటే మాత్రం అది జారుడు కాదు, క్లచ్ పూర్తిగా విడవడం లేదని అర్థం. దానికి కారణం చాలాసార్లు పెడల్ నుంచి వచ్చే హైడ్రాలిక్ గొట్టంలోనో, స్లేవ్ సిలిండర్లోనో ఉంటుంది. వయసు మీద పడిన మియాటాల్లో స్లేవ్ సిలిండర్ కారడం మామూలే. అలాంటప్పుడు గేర్ బాక్స్ దించి కొత్త ప్లేటు వేసినా రోగం పోదు. ఇంజన్ వెనక సీల్ కారి ప్లేటు మీద ఆయిల్ పడినా జారుతుంది. సీల్ మార్చకుండా ప్లేటు మారిస్తే కొత్త ప్లేటుకూ అదే గతి.

సరే, జారుతోంది. ఎంత బలమైన క్లచ్ కావాలి? దీనికి చిన్న లెక్క ఉంది. ప్రెషర్ ప్లేటు ఎంత బలంతో నొక్కుతుందో చూడాలి. దాన్ని రాపిడి గుణకంతో గుణించాలి. ప్లేటుకు రెండు వైపులా రాపిడి కాబట్టి రెండుతో గుణించాలి. ఆపైన రాపిడి పట్టీ సగటు వ్యాసార్థంతో గుణించాలి. ఈ కారు ప్లేటు వ్యాసం 200 మిల్లీమీటర్లు. సగటు వ్యాసార్థం 8.3 సెంటీమీటర్లు, నొక్కుడు 4,000 న్యూటన్లు, గుణకం 0.3 అని వేసుకుంటే దాదాపు 200 న్యూటన్ మీటర్లు వస్తుంది. ఇంజన్ ఎంత గట్టిగా తిప్పినా ఇచ్చేది సుమారు 136. అంటే దాదాపు ఒకటిన్నర రెట్ల పట్టు చేతిలో ఉన్నట్టే. ఫ్యాక్టరీ వాళ్లు మామూలు క్లచ్‌లోనే ఇంత మిగులు ఉంచుతారు. ఇంజన్‌ను ముట్టుకోనప్పుడు అంతకంటే బలమైన క్లచ్‌కు అక్కడ చేయడానికి పనే లేదు.

పని లేకపోవడంతో ఆగదు, కష్టం కూడా తెస్తుంది. పట్టు పెంచడానికి సులువైన దారి ప్రెషర్ ప్లేటు స్ప్రింగును బిగువు చేయడం. ఆ బిగువు మొదట తెలిసేది ఎడమ మోకాలికి. తర్వాత క్రాంక్ షాఫ్ట్‌కు. పెడల్ తొక్కినప్పుడల్లా ఆ బలం క్రాంక్‌ను ముందుకు నెడుతుంది. దాన్ని ఆపే థ్రస్ట్ బేరింగ్ సన్నటి వస్తువు. సిగ్నల్ దగ్గర పెడల్ తొక్కిపట్టుకుని కూర్చునే అలవాటున్నవాళ్లకు అది తొందరగా అరుగుతుంది. రెండో దారి రాపిడి పదార్థం మార్చడం. ఫ్యాక్టరీ ప్లేటులో ఉండేది ఆర్గానిక్ పట్టీ. పీచులు, జిగురు, కొంచెం రాగి లేదా ఇత్తడి తీగ కలిపి నొక్కి చేస్తారు. ఒకప్పుడు అందులో ఆస్బెస్టాస్ కలిపేవారు. ఆ ధూళి ఊపిరితిత్తులకు ప్రాణాంతకమని తేలాక చాలా దేశాల్లో మానేశారు. రేసు ప్లేట్లలో పట్టీకి బదులు లోహం, సిరామిక్ కలిపి కాల్చిన ముక్కలు మూడో, నాలుగో, ఆరో ఉంటాయి. ఎంత వేడెక్కినా పట్టు వదలవు. కానీ అవి పట్టుకోవడం ఒక్కసారిగా పట్టుకుంటాయి. మెల్లగా వదిలి బండి కదిలిద్దామంటే ఎగిరి దూకుతుంది, లేదా ఇంజన్ ఆగిపోతుంది. సాయంత్రం ట్రాఫిక్‌లో ఆఫీసు నుంచి ఇంటికొచ్చే మనిషికి అది రోజూ శిక్షే.

అన్నట్టు, ఈ స్టేజ్ వన్, టూ, త్రీ అనే అంకెలకు అందరూ ఒప్పుకున్న కొలత ఏదీ లేదు. ఎవరి సరుకుకు వాళ్లు పెట్టుకున్న పేర్లవి. ఎన్ని న్యూటన్ మీటర్లు తట్టుకుంటుంది, పట్టీ దేనితో చేశారు, నడిమి భాగంలో కుదుపు తినే స్ప్రింగులు ఉన్నాయా అని అడగాలి. రేపెప్పుడో టర్బో పెట్టాలన్న ఆలోచన ఉంటే మియాటా వాళ్లకు మంచి దారి ఇంకొకటి ఉంది. 1994 మోడల్‌తో వచ్చిన 1.8 లీటర్ల ఇంజన్ క్లచ్ వ్యాసం 215 మిల్లీమీటర్లు. దాన్నీ దాని ఫ్లైవీల్‌నూ కలిపి తెస్తే 1.6కు బిగుస్తాయి. వ్యాసార్థం పెరిగింది కాబట్టి స్ప్రింగును మరీ బిగించకుండానే పట్టు పెరుగుతుంది.

ఇప్పుడు ఫ్లైవీల్‌కు వద్దాం. నాకు మహా ఇష్టమైన లెక్క ఇక్కడే ఉంది.

ఆ కారులో ఫ్యాక్టరీ ఇనుప ఫ్లైవీల్ సుమారు 8 కిలోలు. అల్యూమినియంది తెచ్చి నాలుగు కిలోలు తగ్గించామనుకోండి. తగ్గిన బరువు సగటున ఇరుసుకు 10 సెంటీమీటర్ల దూరంలో ఉందనుకుందాం. వెయ్యి కిలోల కారులో నాలుగు కిలోలు ఒక లెక్కా అనిపిస్తుంది. కానీ ఈ నాలుగు కిలోలు ముందుకు వెళ్లడమే కాదు, గిరగిరా తిరగాలి కూడా. మొదటి గేరులో చక్రం ఒక చుట్టు తిరిగితే ఫ్లైవీల్ పదమూడున్నర చుట్లు తిరుగుతుంది. గేరు నిష్పత్తి 3.136, వెనక యాక్సిల్ నిష్పత్తి 4.3, రెండూ గుణించి చూడండి. దాని ప్రభావం ఈ అంకె వర్గంతో పెరుగుతుంది, అంటే సుమారు 182 రెట్లు. టైరు వ్యాసార్థం 29 సెంటీమీటర్లుగా తీసుకుని లెక్క వేస్తే, మొదటి గేరులో కారు వేగం అందుకునేటప్పుడు 87 కిలోల బరువు దించేసినంత తేడా వస్తుంది. అదే నాలుగో గేరులో నిష్పత్తి ఒకటికి ఒకటి, కాబట్టి తేడా 9 కిలోలే. అయిదో గేరులో 6 కిలోలు. ఒకే చక్రం, ఒకే నాలుగు కిలోలు, గేరు మారితే ఇంత తేడా!

అందుకే తేలిక ఫ్లైవీల్ వేసుకున్నవాళ్లు కారుకు ప్రాణం లేచొచ్చిందంటారు. యాక్సిలరేటర్ తాకితే చుట్లు లేస్తాయి, వదిలితే పడతాయి, గేర్లు మార్చేటప్పుడు చురుగ్గా ఉంటుంది. నిజమే. కానీ హైవే మీద నాలుగో గేరులో లారీని దాటేటప్పుడు పెద్దగా ఒరిగేది లేదు. ఇంజన్ శక్తి ఒక్క హార్స్ పవరు కూడా పెరగలేదు. పైగా సారె తేలికైతే ఏమవుతుందో కుమ్మరిని అడగండి. కదిలేటప్పుడు ఫ్లైవీల్‌లో దాచిన శక్తి తక్కువ కాబట్టి కొంచెం అజాగ్రత్తగా క్లచ్ వదిలినా ఇంజన్ ఆగిపోతుంది. బండి నిలబడి ఉన్నప్పుడు వణుకు కూడా పెరుగుతుంది.

వేడి సంగతి ఇంకొకటి. వెయ్యి కిలోల కారును గంటకు 20 కిలోమీటర్ల వేగానికి తెస్తే దానికి చేరే శక్తి సుమారు 15 కిలోజౌళ్లు. హాఫ్ క్లచ్‌లో జారుతూ కదిలించినప్పుడు దాదాపు అంతే శక్తి వేడిగా మారి ఫ్లైవీల్‌కూ ప్రెషర్ ప్లేటుకూ ఎక్కుతుంది. ఒకసారికి పెద్ద వేడేమీ కాదు. ఎత్తు రోడ్డు మీద ట్రాఫిక్‌లో వరసగా కదిలించి ఆపుతుంటే వేడి పోగవుతుంది. ఉక్కు ఫ్లైవీల్ బరువు సగం చేస్తే అది దాచుకోగల వేడి కూడా సగమే. అల్యూమినియం మాత్రం కిలోకు ఇనుముకన్నా రెట్టింపు వేడి దాచుకుంటుంది. నాలుగు కిలోల అల్యూమినియం, ఎనిమిది కిలోల ఇనుము ఈ విషయంలో సమానం. అయితే అల్యూమినియం రాపిడికి తట్టుకోదు కాబట్టి రాపిడి జరిగే చోట ఉక్కు పళ్లెం ఒకటి బిగిస్తారు.

తేలిక చేద్దామని పాత పోత ఇనుప ఫ్లైవీల్‌ను తీసుకెళ్లి లేత్ మీద అంచులు చెక్కించే పని మాత్రం పెట్టుకోకండర్రా. ఈ ఇంజన్ నిమిషానికి 7,200 చుట్ల దాకా తిరుగుతుంది. అంచు వ్యాసార్థం 14 సెంటీమీటర్లు అనుకుంటే ఆ వేగంలో అంచున ఉన్న ఒక్క గ్రాము ఎనిమిది కిలోల బరువంత బలంతో బయటికి లాగుతుంది. పోత ఇనుము నొక్కుడుకు తట్టుకున్నట్టు లాగుడుకు తట్టుకోదు. పగిలిన ఫ్లైవీల్ ముక్కలు గేర్ బాక్స్ డొక్క చీల్చుకుని మనుషుల కాళ్ల మీదికి వచ్చిన సందర్భాలు రేసుల్లో ఉన్నాయి. అందుకే అక్కడ రేసు సామానుకు వేసే ఎస్‌ఎఫ్‌ఐ భద్రతా ముద్ర ఉన్నది అడుగుతారు. తేలికది కావాలంటే మొదటి నుంచీ తేలికగా ఉండేటట్టు తయారు చేసిందే కొనాలి.

బీఎండబ్ల్యూ, నిస్సాన్ 350జెడ్ లాంటి కార్లున్నవాళ్లకు ఇంకో మాట. వాటిలో ఫ్యాక్టరీ నుంచి వచ్చేది రెండు పళ్లేల ఫ్లైవీల్. పళ్లేల మధ్య స్ప్రింగులు ఇంజన్ కుదుపును మింగేస్తాయి. అందుకని అలాంటి చాలా కార్లలో క్లచ్ ప్లేటుకు స్ప్రింగులు పెట్టరు. దాన్ని తీసేసి ఒకే దిమ్మ ఫ్లైవీల్ వేస్తే స్ప్రింగులున్న ప్లేటే వేయాలి. వేసినా న్యూట్రల్‌లో గేర్ బాక్స్ గలగల కొంత మిగులుతుంది. ఆ శబ్దం భరించలేనివాళ్లు మళ్లీ రెండు పళ్లేల ఫ్లైవీల్‌కే డబ్బు పెట్టడం మంచిది. మియాటాకు ఈ బాధ లేదు, దానిది మొదటి నుంచీ ఒకే దిమ్మ.

క్లచ్ మార్చే పనిలో కష్టమంతా గేర్ బాక్స్ దించడంలోనే ఉంటుంది కాబట్టి, దించినప్పుడే రిలీజ్ బేరింగ్, పైలట్ బేరింగ్, ఇంజన్ వెనక సీల్ మార్చేయాలి. పాత ఫ్లైవీల్ ఉంచుకుంటే కాలిన మచ్చలు పోయేలా ఫేసింగ్ చేయించాలి, పగుళ్లుంటే పారేయాలి.

నా తీర్పు ఇది. ఇంజన్‌ను మార్చకుండా ఆఫీసుకూ షికారుకూ నడిపే మియాటాకు ఫ్యాక్టరీ కొలత ఆర్గానిక్ ప్లేటు, ఫ్యాక్టరీ బిగువు ప్రెషర్ ప్లేటు చాలు. సరదా కావాలనుకుంటే ఆ డబ్బు క్లచ్ మీద కాక, ఓ మోస్తరు తేలికైన ఫ్లైవీల్ మీద పెట్టండి. బిగించాక మొదటి 800 కిలోమీటర్లు ఊళ్లోనే మెత్తగా నడపండి. గేర్లు మారుస్తూ, ఆగుతూ కదులుతూ ఉంటే ప్లేటూ ఫ్లైవీలూ ఒకదానికొకటి సమంగా ఒరుసుకుని కుదురుకుంటాయి. ఆ లోపల హాఫ్ క్లచ్ మీద కారును ఎక్కువసేపు నిలపవద్దు, దూకించవద్దు.