కడలి యొడ్డునుండి కళాశాలకు

నెల్లూరు తీరవాసులకు ఒకప్పుడు విశ్వవిద్యాలయ విద్య యనగా ఊరు విడిచి పోవుటయే. 1857లో స్థాపితమైన మద్రాసు విశ్వవిద్యాలయమే వారికి చాలకాలము దిక్కైనది. 1920లో నెల్లూరి వెంకటగిరి రాజా కళాశాల వెలసిన పిదప ఆ భారము కొంత తగ్గినది. 1954లో తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయము, 2008లో నెల్లూరికే విక్రమసింహపురి విశ్వవిద్యాలయము ఏర్పడినవి. బకింగ్‌హాం కాలువలో పడవలు మద్రాసుకు సాగిన కాలము గతించి, కాకుటూరు వద్ద విశ్వవిద్యాలయ భవనములు లేచినవి. దాని అనుబంధ కళాశాలలు నెల్లూరు, కావలి పట్టణములలో కలవు.

దారి ఇట్లు కురుచైనది. కాని తొలి సంవత్సరమున విద్యార్థి దాటవలసిన దూరము మాత్రము కురుచ కాలేదు. అది క్రోసులతో కొలువదగిన దూరము కాదు.

అందు మొదటిది భాష. ఈ తీరమున పట్టపుపాళెములని పిలువబడు మత్స్యకారుల పల్లెలు అనేకము. పట్టపువారు ఇంట మాటాడుకొను భాష తమిళమునకు సన్నిహితమైనది. అక్కడి బిడ్డ బడిలో తెలుగు నేర్చును. కళాశాలలో ఇంగ్లీషు నెదుర్కొనును. డిగ్రీ తరగతులన్నియు ఇంగ్లీషు మాధ్యమముననే జరుగవలెనని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2021లో నిర్ణయించినది. పదునేడేండ్ల ప్రాయమున మూడవ భాషలో శాస్త్రము చదువుట సామాన్యమైన పనియా? గాలి మళ్ళుటను, నీటి పోటును కనిపెట్టగల ఇంట పెరిగిన బాలిక, భౌతికశాస్త్రమున ఒక క్రొత్తమాట వినగానే తనకేమియు రాదని తలవంచుకొనును. ఆమెకు తెలియనిది మాట, విషయము కాదు. ఈ రెంటికిని గల భేదమును ఆమెకు చెప్పువారు లేకపోవుటయే మొదటి యేటి కష్టములలో పెద్దది.

రెండవది కాలము. తూర్పు తీరమున ఏటేట ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు, అనగా 61 దినములు, సముద్రమున మరపడవల వేట నిషిద్ధము. చేపలు గ్రుడ్లు పెట్టి వృద్ధి యగుటకై యేర్పడిన కట్టడి యిది, మంచిదే. కాని ఇంట రాబడి నిలిచిన ఆ దినముల వెనువెంటనే కళాశాల ప్రవేశములు, రుసుములు, పుస్తకములు, హాస్టలు ఖర్చులు వచ్చి పడును. తరువాత అక్టోబరు మొదలు డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవనకాలము. నెల్లూరి వానలో అధికభాగము అప్పుడే కురియును. వాయుగుండములు అప్పుడే పుట్టును. 2021 నవంబరులో పెన్న పొంగి ఊళ్ళను ముంచినది. హాస్టలు గదిలో పుస్తకము తెరచి కూర్చున్న పిల్లవాని మనస్సు ఇంటి కప్పుమీద నుండుట వింత గాదు. దానిని అశ్రద్ధ యని లెక్కించుట న్యాయము గాదు.

మూడవది మౌనము. పల్లెబడిలో ఒకనాడు రాకున్నచో పంతులుగారు తోడి పిల్లలను అడుగుదురు. సాయంకాలము తండ్రి కనబడిన ఆయననే అడుగుదురు. కళాశాలలో అట్లు అడుగువా రరుదు. విద్యార్థిని పెద్దవానిగా ఎంచుటయే అందులకు హేతువు. కాని పల్లెనుండి వచ్చినవాడు ఆ స్వేచ్ఛను ఉపేక్షగా గ్రహించును. చదువు మానువారిలో పలువురు ఒక్కనాడే మానరు. మొదట వెనుక బల్లకు జరుగుదురు. పిదప అర్థము కాని పాఠమునకు రారు. పరీక్షకు ముందు ఊరికి పోయి మరల తిరిగిరారు. తగవు లేదు, ఫిర్యాదు లేదు. ఒక చదువు సద్దు లేక ముగిసిపోవును.

పరభాషా ప్రదేశమునకు పోయి చదివినవారు ఈ జిల్లాలో లేకపోలేదు. బుచ్చిరెడ్డిపాళెమున 1907లో జన్మించిన బెజవాడ గోపాలరెడ్డి శాంతినికేతనమున చదివి, బెంగాలీ నేర్చి, రవీంద్రుని రచనలను తెలుగు చేసెను. అలగానిపాడున 1913లో పుట్టిన పుచ్చలపల్లి సుందరయ్య మద్రాసు లయోలా కళాశాలలో చేరి, 1930లో స్వాతంత్ర్యోద్యమమునకై ఆ చదువును తానై విడిచెను. క్రొత్తభాష మనుష్యుని కుంగదీయనక్కరలేదని మొదటివారి చరిత్ర చెప్పును. ఒక ఆశయమునకై చదువు విడుచుట వేరు, దిక్కుతోచక విడుచుట వేరని రెండవవారి చరిత్ర చెప్పును. అయితే ఇరువురును కలిగిన ఇండ్ల బిడ్డలు. వంశమున మొదటిసారి కళాశాల గడప త్రొక్కిన బిడ్డకు ఆ అండ లేదు. ఆ లోటును తీర్పవలసినది చుట్టునున్న మనుష్యులే.

ఇందు ఉపాధ్యాయులు చేయదగిన పనులు పెద్దవి కావు. పదవ తరగతినుండియే పిల్లలచేత ప్రశ్నలు అడిగింపవలెను. విన్న పాఠమును సొంతమాటలలో వ్రాయించవలెను. విద్యార్థివేతనమునకు వలయు కుల, ఆదాయ ధ్రువపత్రములను వేసవిలోనే సిద్ధము చేయింపవలెను. అక్టోబరు నెలలో పూర్వవిద్యార్థికి ఫోను చేసి, “ఏమ్మా, చదువు ఎట్లున్నది?” అని ఒక్కమాట అడిగినను చాలును.

విద్యార్థి చేయవలసినదియు స్వల్పమే. పాఠమును మొదట తెలుగులో అర్థము చేసికొని, ఇంగ్లీషు మాటలను ప్రక్కన వ్రాసికొనవలెను. ముగ్గురు నలుగురు కలిసి చదువుకొనవలెను. అర్థము కానిదానిని మొదటి నెలలోనే లేచి అడుగవలెను. ఆలస్యమైనకొలది ఆ ప్రశ్న బరువెక్కును.

పడవను ఒడ్డునుండి లోతునకు త్రోయునప్పుడే నలుగురి చేతులు కావలెను. తీర మెత్తు అలలు దాటినంతవరకే ఆ సాయము. చదువునకు మొదటి సంవత్సరము అట్టిది.