తరంగం అలసిపోదు

“పదివేల లోపు 5జీ ఫోను కొందామని ఉంది. పొలం దగ్గర కూడా సిగ్నల్ అందాలి. ఏది కొనమంటారు? ఏ సిమ్ వేయమంటారు?” అని పర్చూరు నుంచి ఒక మిరప రైతు రాశారు. కెమెరా ఎన్ని మెగాపిక్సెళ్లని అడగకుండా నేరుగా సిగ్నల్ సంగతే ఎత్తినందుకు ఆయనకో నమస్కారం.

ర్యామ్, బ్యాటరీ గురించి షాపులో కుర్రాడు ఎలాగూ చెబుతాడు. అతను చెప్పనిది, పెట్టె మీద కూడా సాధారణంగా కనిపించనిది ఒకటుంది. అదే బ్యాండ్ల జాబితా. మన దేశంలో 5జీ ముఖ్యంగా రెండు రకాల తరంగాల మీద నడుస్తోంది. 700 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు సుమారు 43 సెంటీమీటర్లు. 3300 మెగాహెర్ట్జ్‌ది తొమ్మిదే. ఫోను వివరాల్లో ఎన్28, ఎన్78 అని రాసేది వీటినే.

700 ఎక్కువ దూరం అందుతుందని అందరికీ తెలుసు. ఎందుకని అడిగితే మాత్రం ఇంజినీర్లు కూడా తరచు తప్పే చెబుతారు: “ఫ్రీక్వెన్సీ పెరిగితే తరంగం గాలిలో త్వరగా నీరసించిపోతుంది” అని. ఈ రెండు తరంగాలనూ గాలి దాదాపు ఏమీ చేయదు. టవరు నుంచి బయల్దేరిన శక్తి వెళ్లేకొద్దీ విస్తరించి పలచబడుతుంది, అంతే. దూరం రెట్టింపైతే నాలుగో వంతు మిగులుతుంది. ఈ లెక్క రెండింటికీ ఒక్కటే.

తేడా అంతా పట్టుకునే దగ్గర ఉంది. 1946లో బెల్ ల్యాబ్స్ ఇంజినీరు హెరాల్డ్ ఫ్రీస్ దీన్ని ఒక చిన్న సూత్రంలో ఇమిడ్చాడు. యాంటెనా ఎంత మేర నుంచి శక్తిని పోగుచేసుకుంటుందన్నది తరంగం పొడవు వర్గాన్ని బట్టి ఉంటుంది. అన్ని దిక్కులా ఒకేలా వినే ఆదర్శ యాంటెనా తీసుకుంటే, 700 దగ్గర దాని వైశాల్యం సుమారు 146 చదరపు సెంటీమీటర్లు, 3300 దగ్గర ఆరున్నర! కురిసే వాన ఒక్కటే. ఒకరు కల్లంలో పట్టా పరిచారు, మరొకరు చెంబు పెట్టారు. తేడా 22 రెట్లు.

దీన్ని పూడ్చుకోవడానికి 3300 టవర్లలో చిన్న యాంటెనాలను పదుల సంఖ్యలో పేర్చి, తరంగాన్ని ఫోను వైపే గురిపెడతారు. ఊరి నడిబొడ్డున అది భేషుగ్గా పనిచేస్తుంది, వేగమూ ఎక్కువే. కానీ పొట్టి తరంగానికి గోడ దూరడం, అడ్డు చుట్టి రావడం కష్టం. పైగా టవరు మాట మనకు వినబడితే చాలదు, మన మాట కూడా టవరుకు వినబడాలి. టవరు పదుల వాట్లతో అరుస్తుంది. ఫోను సాధారణంగా వాటులో ఐదో వంతే. తెర మీద గీతలు టవరు గొంతునే కొలుస్తాయి. అందుకే గీతలు నిండుగా ఉన్నా, తెగులు సోకిన ఆకు ఫోటో వ్యవసాయాధికారికి పోకుండా గిరగిరా తిరుగుతుంటుంది.

ఇలా తరంగాలను తప్పుగా అంచనా వేయడం కొత్తేమీ కాదు. 200 మీటర్ల కంటే పొట్టి తరంగాలు ఎందుకూ పనికిరావని 1912లో అమెరికా వాటిని రేడియో ఔత్సాహికులకు వదిలేసింది. 1923 నవంబరులో ఆ ఔత్సాహికులే సుమారు 110 మీటర్ల తరంగంతో అట్లాంటిక్‌కు అటూ ఇటూ కబుర్లాడుకున్నారు. మన దగ్గర 700 మెగాహెర్ట్జ్‌కు ధర ఎక్కువన్నారు; 2016లోనూ 2021లోనూ వేలంలో కొన్నవాడే లేడు. 2022లో జియో ఒక్కటే ముందుకొచ్చి 39,270 కోట్లు పోసింది. బీఎస్ఎన్ఎల్‌కు ప్రభుత్వమే కేటాయించింది. 2025 సెప్టెంబరు 27న ప్రారంభమైన దాని స్వదేశీ 4జీ 700 మీద కూడా నడుస్తుంది. 4జీ భాషలో అది బ్యాండ్ 28.

పర్చూరు చుట్టూ నల్లరేగడి మైదానం. కొండల అడ్డు లేదు, దూరమే సమస్య. కాబట్టి జియో అయితే ఎన్28, బీఎస్ఎన్ఎల్ అయితే బ్యాండ్ 28 ఉన్న ఫోనే తీసుకోవాలి. ఇంకో మెలిక కూడా ఉంది. జియో 5జీ సొంతంగా నడుస్తుంది. ఎయిర్‌టెల్ తన 5జీని 4జీ చెయ్యి పట్టుకుని నడిచే పద్ధతిలో మొదలుపెట్టింది. 2024 నవంబరులో 8,499 రూపాయలకు వచ్చిన రెడ్‌మీ ఏ4 5జీకి మొదటి పద్ధతే వచ్చు. పెట్టె మీద 5జీ అని ఉంటే ప్రతి సిమ్‌కూ 5జీ అందుతుందనుకోవద్దు.

ఇక ప్లాన్లు. వీటి గురించి రాయాలంటే నాకు విసుగు. 2024 జులైలో రేట్లు పెంచినప్పుడే జియో, ఎయిర్‌టెల్ అపరిమిత 5జీని రోజుకు 2 జీబీ, ఆపై ప్లాన్లకే పరిమితం చేశాయి. చవక ఫోను కొన్నవాడికి ఖరీదైన రీఛార్జి! ఇంట్లో మాట్లాడటానికే ఫోను వాడే పెద్దవాళ్లుంటే, టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024 డిసెంబరులో ఆదేశించాక వచ్చిన డేటా లేని ప్యాకులు చాలు. అడగనిదే ఎవరూ చెప్పరు.

సిమ్ మార్చేముందు ఆ సిమ్ ఉన్నవారిని పొలం గట్టు మీదికి పిలిచి, ఒక ఫోటో పంపించి చూడండి. షాపులో కుర్రాడు కంపెనీ వెబ్‌సైటు తెరిచి ఎన్28 చూపించేదాకా జేబులో చెయ్యి పెట్టకండి.