నల్లరాతి దీవిలో తెల్ల ఇసుక ఎందుకు?

వేసవి సెలవులకు ఎస్.ఆర్. నగర్ నుంచి మారిషస్ వెళ్దామని ఇంట్లో అనుకుంటున్నారా? ముందు ఈ సంగతులు తెలుసుకోండి.

దీవి ఎలా పుట్టింది?
సుమారు 80 లక్షల ఏళ్ల కిందట సముద్రం అడుగున అగ్నిపర్వతాలు బద్దలై, లావా నల్లరాయిగా పేరుకుని దీవిగా పైకి లేచింది. 6.6 కోట్ల ఏళ్ల కిందట మన దక్కన్ నల్లరాయిని పోసినదీ, ఈ అగ్నిపర్వతాలను పుట్టించిన భూగర్భంలోని వేడి చోటేనని శాస్త్రవేత్తలు చెబుతారు. వికారాబాద్ వైపు వెళ్తే ఆ రాయి కనిపిస్తుంది.

ఇసుక తెల్లగా ఎందుకు?
అది నల్లరాతి పొడి కాదు. దీవి చుట్టూ ఉన్న పగడపు దిబ్బలు, గవ్వలు అలలకు నలిగి ఇసుకయ్యాయి. చిటికెడు ఇసుక మీద నిమ్మరసం పిండి చూడండి, బుడగలొస్తాయి. అందులో ఉన్నది సున్నపు పదార్థమే!

గాలి ఎందుకు ఎక్కువ?
భూమధ్యరేఖ దగ్గర వేడెక్కిన గాలి పైకి పోతుంది. ఆ చోటుకు దక్షిణం నుంచి వచ్చే గాలి, భూమి తిరగడం వల్ల పక్కకు మళ్లి ఆగ్నేయం నుంచి వీస్తుంది. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా దాని జోరెక్కువ. అప్పుడు తూర్పు తీరం కంటే కొండల చాటున ఉండే పడమటి తీరం నయం. జనవరి నుంచి మార్చి దాకా తుపాన్ల భయం. మే నెల అనువైనది.

అక్కడి తెలుగువాళ్లను తప్పక పలకరించండి. 19వ శతాబ్దంలో చెరకు తోటల్లో పనికి వెళ్లినవాళ్ల వారసులు వాళ్లు. మన ఉగాదికి ఆ దేశమంతా సెలవు!