ఒక రోజు పాడి యాత్ర: సంఘాలు చేసుకోవలసిన ఏర్పాట్లు

తోటి రైతు కొట్టంలో కళ్ళారా చూసిన పని మనసుకు పట్టినట్లు ఎన్ని ఉపన్యాసాలు విన్నా పట్టదు. అందుచేతనే కొన్ని సంఘాలు ఏటా ఒకసారి సభ్యులను చుట్టుపక్కల పాడి క్షేత్రాలకు తీసుకొని వెళ్ళడం ఆనవాయితీగా పెట్టుకున్నాయి. మంచి పనే. కాని తిరిగివచ్చిన వారిని ఏమి చూశారని అడిగితే దారిలోని గుడి సంగతీ, భోజనం సంగతీ చెప్పేవారే ఎక్కువ. లోపం సభ్యులలో లేదు, ఏర్పాటులో ఉంది.

కొన్నేళ్ళ క్రితం అటువంటి యాత్రలో నేనూ ఉన్నాను. ఒకే రోజున ఐదు చోట్లు పెట్టుకున్నాము. ఊరు చేరేసరికి రాత్రి ఎనిమిదిన్నర అయింది. అలవాటైన చేయి తగలక కొన్ని గేదెలు అసలు చేపలేదు. చేపిన వాటి పాలు కూడా, యజమాని వచ్చి పితికేసరికి కేంద్రం మూసివేసినందున, ఇంట్లోనే ఉండిపోయాయి. "వాళ్ళ గేదెల్ని చూడబోయి మా గేదెల పాలు పోగొట్టుకున్నామండీ" అని మర్నాడు కేంద్రం దగ్గర ఒక ఇల్లాలు అంటే ఎవరికీ జవాబు తోచలేదు.

కనుక మొదట చూడవలసినది గడియారం. ఉదయం పాలు కేంద్రంలో పోసి బయలుదేరేసరికి ఎనిమిదిన్నర అవుతుంది. సాయంత్రం పాలు తీయడానికి నాలుగు గంటలకైనా ఇంట్లో ఉండాలి. చేతిలో ఉన్నది ఏడున్నర గంటలు. రానుపోను ప్రయాణానికి రెండు గంటలు, భోజనానికీ విశ్రాంతికీ ఒక గంట తీసివేస్తే మిగిలేది నాలుగున్నర గంటలు. ఇందులో రెండు రైతు కొట్టాలు, ఒక పరిశోధనా కేంద్రం చూడవచ్చు, అంతకు మించి కుదరదు. ముప్ఫై కిలోమీటర్ల లోపున ఉన్నవే ఎంచుకోవాలి.

ఏ నెలలో వెళ్ళాలన్నది రెండవ సంగతి. వానాకాలంలో ప్రతివాని గట్టూ పచ్చగానే ఉంటుంది, ఎవరి తెలివి ఎంతో తెలియదు. ఎండలు ముదరక ముందు, ఫాల్గుణమాసంలో వెళ్ళమని నా సలహా. అప్పటికి పచ్చిమేత ఎవరి దగ్గర ఉన్నదో, నీడకూ నీటికీ ఎవరు ముందుగా ఏర్పాటు చేసుకున్నారో కంటికి కనబడుతుంది.

చోటు ఎంచుకొనేటప్పుడు పెద్ద క్షేత్రాల మోజు వదులుకోవాలి. వంద పశువులు, పాలు పితికే యంత్రాలు ఉన్న చోటికి మూడు గేదెలున్న రైతును తీసుకొని వెళితే నోరు తెరుచుకొని చూసి వస్తాడే గాని, ఇంట్లో చేయడానికి ఏమీ దొరకదు. మన వంటి మూడు నాలుగు గేదెల వాడు, మనకన్నా ఒక మెట్టు మేలుగా చేస్తున్నవాడు కావాలి. అట్టివారిని పశువైద్యుడూ, పొరుగు సంఘాల కార్యదర్శులూ చెప్పగలరు. పరిశోధనా కేంద్రాల విషయానికి వస్తే, తాడేపల్లిగూడెం ప్రాంతం వారికి వెంకటరామన్నగూడెంలో గేదెల పరిశోధనా కేంద్రం ఉన్నది. గుంటూరు చుట్టుపక్కల వారికి ఒంగోలు జాతి పశువులను చూడడానికి లాం క్షేత్రం దగ్గర. ఇటువంటి చోట్లకు ముందుగా ఉత్తరం వ్రాసి, అనుమతి వచ్చిన పిమ్మటే తేదీ ప్రకటించాలి.

ఎవరు వెళ్ళాలి? సభ్యత్వ పుస్తకంలో పేరున్న వారని అనుకోవడం మామూలు. అయితే మన ఇళ్ళలో పేరు ఒకరిది, పేడ తీసే చేయి వేరొకరిది. గేదె ఎదకు వచ్చినదీ, పొదుగు గట్టిపడినదీ ముందు కనిపెట్టేది ఇల్లాలే. ఆమె వెళ్ళకపోతే యాత్రకు పెట్టిన ఖర్చు సగం దండుగ. కనుక పాలు తీసేవారు ఎవరో వారికే బండిలో చోటు ఇవ్వాలి. మధ్యాహ్నం మేతా నీళ్ళూ చూడడానికి ఇంట్లో మరొకరు ఉండిపోవాలి. ఈ మాట పాలకవర్గ తీర్మానంలోనే వ్రాయడం మేలు, లేకపోతే చివరి క్షణంలో మగవారితో బండి నిండిపోతుంది.

అన్నిటికన్నా భయపడవలసినది గాలికుంటు. ఈ వ్యాధి క్రిములు పశువు నుండి పశువుకే కాక మనుషుల చెప్పులకూ, బట్టలకూ, బండి చక్రాలకూ అంటుకొని కూడా ప్రయాణం చేస్తాయి. సోకిన తరువాత రెండు రోజులు మొదలు రెండు వారాల వరకు పైకి ఏ లక్షణమూ కనబడకపోవచ్చు. కనుక బయలుదేరే ముందు వారం మన ఊళ్ళోనూ, వెళ్ళబోయే ఊళ్ళోనూ వ్యాధి లేదని పశువైద్యుని అడిగి తెలుసుకోవాలి. ఉన్నట్లు అనుమానం వచ్చినా యాత్ర మానుకోవాలి, మొహమాటం పనికిరాదు. ఆరు నెలల టీకా సరిగా వేయించి ఉండాలి. టీకా వేసిన రెండు మూడు వారాలకు గాని రక్షణ ఏర్పడదు కనుక, బయలుదేరే ముందురోజు వేయిస్తే ప్రయోజనం లేదు. పది లీటర్ల నీటికి 400 గ్రాముల చాకలి సోడా కలిపి బండిలో ఉంచుకొని, ప్రతి కొట్టం దగ్గరా లోపలికి వెళ్ళేటప్పుడూ బయటికి వచ్చేటప్పుడూ చెప్పులు అందులో ముంచి కడగాలి. పశువుల మూతులు పట్టుకొని చూడరాదు. ఇంటికి వచ్చి స్నానం చేసి, బట్టలు మార్చుకొన్నాకనే మన కొట్టంలో అడుగుపెట్టాలి. సాయంత్రం పాలకు ముందు దీనికి పట్టే అరగంటను కూడా లెక్కలో వేసుకోవాలి.

మధ్యాహ్నం వేళ పాలు తీయడం కనబడదు కదా, ఇక చూసేదేముంది అని కొందరంటారు. కొత్తవారు చుట్టూ చేరితే గేదె ఎలాగూ చేపదు. మధ్యాహ్నమే కొట్టం నిజం చెబుతుంది. మేత తొట్టిలో మిగిలినది ఏమిటో చూడండి: పొడుగు కాడలే మిగిలితే మేత నరకకుండా వేస్తున్నారన్నమాట. నేల తడిగా ఉందా, పొడిగా ఉందా? తడి నేల మీద పడుకొనే గేదెకు పొదుగువాపు తేలికగా వస్తుంది. పశువు కోరినప్పుడు తాగడానికి నీళ్ళు ఎదుట ఉన్నాయా, రెండు పూటలా కుడితితోనే సరిపెడుతున్నారా? ఎండవేళ ఒంటిమీద నీళ్ళు చల్లుతున్నారా?

తరువాత దూడలను చూడండి. పాడి గేదెలను ఎవరైనా చూపిస్తారు, దూడలను అడిగితే గాని చూపరు. నిరుడు ఎన్ని ఈనాయి, ఎన్ని దూడలు బతికాయి, పుట్టిన గంట రెండు గంటల్లో జున్నుపాలు తాగించారా అని మెల్లగా అడగాలి. చూడి గేదెను ఈనడానికి ఎన్నాళ్ళ ముందు వట్టిపోనిస్తున్నారో అడగాలి. రెండు నెలలు ఉండాలి. ఆయనకు కలిసిరాని పని ఏదో కూడా చెప్పమనండి. నష్టపోయిన సంగతి విప్పి చెప్పిన రైతు దగ్గర నేర్చుకొనేది ఎక్కువ. వీలైతే పాల బిల్లులు చూపించమని కోరవచ్చు, ఆయన ఇష్టపడకపోతే మాత్రం ఒత్తిడి చేయకూడదు.

ఇరవై మంది ఒక్కసారి కొట్టంలోకి చొరబడితే పశువులు బెదురుతాయి. పదిమంది కొట్టం చూస్తుండగా పదిమంది గడ్డిమడి చూసి, తరువాత మారాలి. భోజనం మన మూటలే కట్టుకొని వెళ్ళాలి. పేదరైతు ఇల్లు ఇరవై విస్తళ్ళు వేయలేదు, అయినా వేస్తాడు, అదే ఇబ్బంది. సంఘం తరఫున ఒక ఖనిజ లవణ మిశ్రమం పొట్లం ఇస్తే మర్యాదగా ఉంటుంది.

ఆ రైతు దగ్గర సూపర్ నేపియర్ గడ్డి ఉంటే విత్తన కాడలు ధర ఇచ్చి తెచ్చుకోవచ్చు. రెండేసి కణుపుల ముక్కలను ఇటూ అటూ రెండేసి అడుగుల ఎడంగా నాటితే పది సెంట్లకు సుమారు 1,100 ముక్కలు పడతాయి. అయితే గేదెను మాత్రం ఆ రోజున బేరమాడవద్దు. నలుగురి ఉత్సాహంలో కొన్న పశువు గురించి తరువాత బాధపడిన వారిని చూశాను.

తిరిగివచ్చిన వారంలోపు కేంద్రం దగ్గర కూర్చొని, వెళ్ళినవారు వెళ్ళనివారికి తాము చూసినది చెప్పాలి. ఇంట్లో మార్చదలచిన పని ఒక్కటి ఎవరికి వారు కార్యదర్శి పుస్తకంలో వ్రాయించాలి. ఆ రైతునూ, ఆయన ఇంటివారినీ మూడు నెలల తరువాత మన ఊరికి పిలవాలి. వారు వస్తారని తెలిస్తే నేల ఎండబెట్టుకోవడానికీ, నీళ్ళ తొట్టి కట్టుకోవడానికీ మనవారికి గడువు తేదీ ఒకటి దొరుకుతుంది. వారు వచ్చే రోజున కూడా, నాలుగు గంటలకల్లా తమ కొట్టం చేరేటట్లు బండి ఏర్పాటు చూడవలసిన పూచీ మన కార్యదర్శిదే.